పక్క కిటికీ కొలతలు

తల ఊపడంలో కర్టెన్ల కొట్టు అక్కను మించినవాళ్ళు ఆ బజారులో లేరు. కొనడానికి వచ్చినావిడ తన ఇంటి గోడల రంగు గురించి, అత్తగారి అభిరుచి గురించి, ఎదురింటివాళ్ళ తొంగిచూపుల గురించి చెప్పుకుపోతుంటే అక్క చేతులు తానులు విప్పుతూనే ఉంటాయి, తల మాత్రం ఆగాల్సిన చోట ఆగి ఊగాల్సిన చోట ఊగుతుంది. చెప్పేవాళ్ళకు తమ మాట చేరాల్సిన చోటికి చేరిందన్న తృప్తి కలుగుతుంది. తృప్తి కలిగినవాళ్ళు ఈ కొట్టు దిగి పక్క కొట్టు ఎక్కరు. పెట్టుబడి లేని సరుకుల్లో ఇంత లాభసాటిది ఇంకొకటి లేదని ఆమె లెక్క.

నిజానికి ఆమె అక్క ఒక్క తమ్ముడికే. కానీ బజారంతా, కుట్టుపని ఆడవాళ్ళతో సహా, అలాగే పిలుస్తారు. కొట్టు బజారు నడిబొడ్డున ఉంది. కుట్టే షెడ్డు ఊరి అవతలి చివర, అద్దె తక్కువైన చోట ఉంది. ఇదివరకు ఈ రెంటి మధ్యా తమ్ముడి స్కూటర్ తిరిగేది. కిటికీల కొలతలు అట్టముక్క మీద రాసుకొచ్చి, కటింగ్ మాస్టారి బల్ల ఎదురుగా మేకుకు తగిలించి వెళ్ళేవాడు. ఏడాదిగా స్కూటర్‌కి విశ్రాంతి. అతనిప్పుడు కిటికీ దగ్గరే నిలబడి ఫోన్లో కొలత ఎక్కిస్తాడు. ఆ క్షణానే అది షెడ్డులో మాస్టారి పక్కనున్న తెర మీద కనిపిస్తుంది. ఫోటోలకు ఒక గ్రూపు. రోజూ కొట్టు తెరవగానే వీడియో కాల్. కొట్టు గోడకు పెద్ద టీవీ బిగించాడు. అందులో ఒక గడిలో కొట్టు, ఒక గడిలో షెడ్డు, ఇంకో గడిలో తను ఏ మెట్ల మీదో, ఏ నిచ్చెన మీదో.

మొదటిరోజే ఒక చిక్కు వచ్చిపడింది. షెడ్డులో మెషీన్లన్నీ ఒక్కసారి మొత్తుకునేసరికి, కొట్టులో పట్టుగుడ్డ నిమురుతున్న ఒక పెద్దావిడ ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"ఆ మోత ఆపరా బాబూ, గిరాకీ పారిపోతుంది," అంది అక్క.

తమ్ముడు ఏదో నొక్కాడు. మోత ఆగిపోయింది. అటువైపువాళ్ళు తమంతట తాము గొంతు మళ్ళీ తెరుచుకునే వీలు లేకుండా కూడా ఏదో చేశాడు. షెడ్డువాళ్ళకి మాట్లాడాలనిపిస్తే చెయ్యి బొమ్మ నొక్కాలి, కొట్టులో చూసుకుని గొంతు తెరుస్తారు. ఏర్పాటు బాగానే ఉంది. టీవీ మూల అప్పుడప్పుడు ఒక పసుపుపచ్చ చెయ్యి లేచేది. బేరం మధ్యలో దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. కాసేపటికి దానంతటదే దిగిపోయేది. ఎవరో చంటిపిల్ల ఒకసారి దాన్ని చూసి టాటా చెప్పింది.

కాల్ మొదలవగానే షెడ్డు గడిలోకి కటింగ్ మాస్టారు వచ్చి నిలబడేవాడు. నున్నగా దువ్విన తల, మెడలో టేపు. పెదవులు కదిలేవి. ఒక్కోరోజు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో ఇంత చిన్నదాన్ని పట్టుకుని చూపించేవాడు. పని ఇంత మాత్రమే మిగిలిందంటున్నాడు కాబోలనుకుని అక్క తల ఊపేది. ఆయన కూడా తల ఊపి పక్కకి తప్పుకునేవాడు.

ఆ వారం చేతిలో ఉన్న పెద్ద పని ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్‌ది. మూడు అంతస్తుల్లో బోలెడన్ని గదులు, ఏ రెండు కిటికీలూ ఒక కొలత కావు. కట్టినవాడు చేతికందిన చట్రాన్నల్లా బిగించి పోయినట్టుంది. తమ్ముడు ఒక్కో కిటికీ మూలన అంకె వేసిన స్టిక్కరు అంటించి, అదే అంకె దగ్గర పట్టికలో గది, కొలత ఎక్కించాడు. ఆ అంకె చూసి మాస్టారు కోస్తాడు. కోసిన ముక్కకు అదే అంకె చీటీ గుచ్చుతాడు. రాడ్లు బిగించే అతను చీటీనీ స్టిక్కరునీ జతకలిపి తగిలిస్తాడు. ఇందులో ఎవరూ బుర్ర వాడాల్సిన చోటు లేదని తమ్ముడు మురిసిపోయాడు. ఆదివారం హాస్టల్ యజమానులు చూడటానికి వస్తారు. నచ్చితే వాళ్ళవే ఇంకో రెండు భవనాల పని కూడా ఈ కొట్టుకే.

కోత మొదలైన మర్నాడు పొద్దున్న కాల్‌లో తమ్ముడు హాస్టల్ మెట్ల మీదనుంచి మాట్లాడాడు. మెట్ల మలుపులో ఉన్న కిటికీకి కూడా కావాలని వార్డెనమ్మ అడిగిందట, దాన్నీ పట్టికలో చేర్చాడట, అందరూ చూసుకోవాలట. అప్పుడు అక్క ఎదుట కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి రెండు నీలాల మధ్య ఇరుక్కుపోయి ఉంది. అబ్బాయికి ముదురు నీలం కావాలి. అమ్మాయికి ఏది కావాలో అమ్మాయే చెప్పడం లేదు. టీవీ మూల పసుపు చెయ్యి లేచింది.

అక్క తలెత్తి చూసింది. మాస్టారు ఒక చేతిలో అంకె చీటీ, ఒక చేతిలో టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పాడు. చీటీ చూపించాడు. పక్కనున్న తెర వైపు వేలు చూపించాడు. మళ్ళీ ఏదో అని, కనుబొమలు పైకెత్తి ఆగాడు.

"లేత నీలమే ఇవ్వండి," అంది అమ్మాయి హఠాత్తుగా.

ఆ సంతోషంలో అక్క టీవీ వైపు చూసి చిన్నగా నవ్వి, రెండుసార్లు తల ఊపింది. మాస్టారి కనుబొమలు దిగాయి. టేపు మెడలో వేసుకుని బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒక్క దెబ్బకి రెండు బేరాలు కుదిరినట్టు అనిపించిందామెకు.

*

కర్టెన్లు తగిలించిన రోజు మధ్యాహ్నం వార్డెనమ్మ ఫోన్ చేసింది. కేకలు వెయ్యలేదు. ఒకసారి వచ్చి చూసి వెళ్ళమంది, అంతే. కేకలు వెయ్యనివాళ్ళ ఫిర్యాదు ఎప్పుడూ పెద్దదే అయి ఉంటుందని తెలిసిన అక్క, కొట్టు పక్కవాళ్ళకు అప్పజెప్పి తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళింది.

కింది అంతస్తులో అన్నీ అచ్చంగా సరిపోయాయి. గడపల దగ్గర చెప్పులు, తలుపుల మీద ఆరేసిన తువ్వాళ్ళు, కిటికీలకు బూడిదరంగు మీద తెల్ల ఆకుల గుడ్డ. ఆ ఆకులు ఎంచింది అక్కే. చూసి ముచ్చటపడింది. మెట్లు ఎక్కేసరికి ఆ ముచ్చట కాస్తా దిగిపోయింది. మొదటి గదిలో కర్టెన్ సన్నగా, పొడుగ్గా నేల మీద పడి జీరాడుతోంది. రెండువైపులా జానెడేసి కిటికీ బయటపడి వెక్కిరిస్తోంది. పక్క గదిలోది మోకాళ్ళ దగ్గర ఆగిన లంగాలా పైకి ఉంది. ఆ పక్కది అటు లాగితే ఇటు చాలదు. మెట్ల కిటికీకి ఎవరిదో పొట్టి కర్టెన్ ఒకటి వేలాడుతోంది. చీటీ అంకెకు స్టిక్కరు దొరక్కపోతే, ఖాళీగా ఉన్న కిటికీ ఇదొక్కటే కనక దీనికి తగిలించానని రాడ్లు బిగించే అతను చెప్పాడు.

"మీకు కొలవడం రాదా, మా కిటికీలే రోజుకో సైజు మారుతున్నాయా?" అంది వార్డెనమ్మ. "ఆదివారం పొద్దుటికి సరిచెయ్యండి. లేకపోతే అన్నీ విప్పించి మీ కొట్టు మెట్ల మీద పెట్టిస్తాను."

తమ్ముడి మొహం ఎర్రబడింది. ఫోన్లో పట్టిక తెరిచి, గది పేరు చూసి, కిటికీ మళ్ళీ కొలిచాడు. పట్టికలో ఉన్న కొలతా కిటికీ కొలతా ఒక్కటే. ఇంకో గదిలో కొలిచాడు. అక్కడా అంతే. తప్పు తనది కాదని తేలేసరికి కోపానికి బలం వచ్చింది. నేల మీద జీరాడుతున్న కర్టెన్‌ని అక్కడికక్కడే పట్టుకుని, రాడ్లు బిగించే అతని కత్తెరతో కింద రెండు జానలు కోసేశాడు. అక్క వద్దనేలోపు ముక్క కిందపడింది.

"పెద్దాయనకు చూపు ఆనడం లేదక్కా. మెట్ల పైనుంచి ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా కొయ్యలేదు. ఈ వయసులో ఆయన్ని బల్ల దగ్గర నిలబెట్టడం మనదే తప్పు."

"చూద్దాంలే," అంది అక్క. పాతిక వేసవులు ఆ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో ఇలాంటి తప్పు ఎన్నడూ చూడలేదామె. కానీ తప్పు కళ్ళ ఎదుట ఇన్ని కిటికీలకు వేలాడుతుంటే, పాత మంచి ఎంతని చెల్లుబాటవుతుంది?

తమ్ముడు చూద్దాంలే అన్న మాటను సరే అని జమకట్టుకున్నాడు. సాయంత్రం గ్రూపులో ఫోటోలు పెట్టాడు. పొట్టివాటికి ఎర్ర సున్నాలు, పొడుగువాటికి ఎర్ర బాణాలు. ఏం జరిగిందో, ఎవరివల్ల జరిగిందో నాలుగు ముక్కల్లో రాశాడు. అందరూ చూశారని గుర్తులు పడ్డాయి. షెడ్డులో అంచులు కుట్టే ఇంటర్‌లాక్ మెషీన్ మీద కూర్చునే, అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ ఏదో రాస్తోందని తెర చూపించింది. చాలాసేపు చూపించింది. తర్వాత చూపించడం మానేసింది. కొట్టు షట్టర్ కిందికి లాగుతూ అక్క మళ్ళీ ఫోన్ చూసుకుంది. మాస్టారిని గ్రూపులోంచి తీసివేసినట్టు సన్నని అక్షరాలతో ఒక లైను పడి ఉంది. దాని కింద రేపు మధ్యాహ్నం నుంచి కొత్త మాస్టర్ వస్తాడని తమ్ముడి మాట.

ఆమెకు గుచ్చుకున్నది ఆ నిర్ణయం కాదు, దాని తీరు. నచ్చని సరుకు వాపసు చేసేటప్పుడు కూడా ఇచ్చినవాడి మొహం చూసి ఇస్తాం. మనిషిని తీసేసేటప్పుడు ఆ మాత్రం ఉండొద్దా?

"ఆయనకు ఎవరైనా చెప్పారా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"గ్రూపులో ఉందిగా."

"గ్రూపులోంచి తీసేసినవాడు గ్రూపులో ఎలా చూస్తాడ్రా?"

పొద్దున తనే షెడ్డుకి వెళ్ళి చెబుతానని, తమ్ముణ్ణి తన కుర్చీలో కూర్చుని కాల్ నడపమని అక్క అంది. తానుల గది తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉంది. అది చేత్తో పుచ్చుకోవాల్సిందే.

*

కాల్ మొదలుపెట్టినప్పటి నుంచి అక్క షెడ్డులో అడుగుపెట్టలేదు. రోజూ చూస్తూనే ఉన్నాననుకుంది. టీవీలో అది అరచెయ్యంత గది, చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. గుమ్మంలో నిలబడేసరికి రేకుల వేడి మొహానికి కొట్టింది. మోత గుండెల్లోకి దిగింది. దారాల నూగు ముక్కులో చేరి తుమ్మించింది.

మాస్టారు బల్ల దగ్గరే ఉన్నాడు. గుడ్డను అరచేత్తో బల్ల మధ్యనుంచి అంచుల దాకా రెండుసార్లు నిమిరి, ముడత లేదనుకున్నాక వంగి గీత గీస్తున్నాడు. గీత కనిపించీ కనిపించకుండా ఉంది. ఆయన చేతిలో ఉన్నది సుద్ద కాదు, ఒంటికి రుద్దుకునే సబ్బు అరిగి అరిగి మిగిలిన పలుకు. అదేమిటని అడగబోయి, తను వచ్చిన పని వేరే కదా అని ఊరుకుంది.

"రా అమ్మా. ఏమిటిలా వచ్చావు?" అన్నాడు. ఆయన చొక్కా మేకుకు వేలాడుతోంది. జేబులోని ఫోన్ ఆరిపోయి ఉంది. ఆయనకేమీ తెలీదు. ఆడవాళ్ళకు తెలుసు. ఎవరూ తలెత్తడం లేదు, మెషీన్లు మాత్రం మామూలుకంటే జోరుగా తిరుగుతున్నాయి. పిన్ని ఒక స్టూల్ తెచ్చి వేసి, చెంగుతో దాని మీద నూగు దులిపి, వెళ్ళి కూర్చుంది.

అక్క మాట వెతుక్కుంటోంది. ఇక రావద్దని చెప్పడానికి ఎన్నో మర్యాదైన దారులున్నాయి. వయసు మీద పెట్టొచ్చు, చూపు మీద పెట్టొచ్చు, తమ్ముడి మీద పెట్టొచ్చు. ఏది ఎత్తుకుంటే తక్కువ నొప్పితో పోతుందా అని బేరీజు వేస్తుండగా, అలమరలో దారం కండెల డబ్బాకు ఆనించిన ఫోన్ మోగింది.

"కాల్," అంది పిన్ని.

మాస్టారు టేపు సర్దుకుని, ప్యాంటు జేబులోంచి చిన్న దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. నేల మీద సబ్బుతో గీసిన ఒక గడి ఉంది. అందులో నిలబడితేనే మనిషి తెరలోకి వస్తాడట. ఆయన అటు నడుస్తుంటే అక్క ఆపింది.

"ఇవాళ నేను మాట్లాడతాను మాస్టారూ."

గడిలో నిలబడింది. తెర మీద ఆమె కొట్టు, ఆమె కుర్చీ. కుర్చీలో తమ్ముడు, ఎదురుగా ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు. గుమ్మంలో గుడ్డల కంపెనీ బండి మనిషి నిలబడి ఉన్నాడు. మిగిలిన ఆకుల తాను వాపసు ఇచ్చే రోజు ఇవాళే. అన్నీ మళ్ళీ కోయాలంటే ఆ తాను కావాలి.

"ఒరేయ్, ఆ ఆకుల తాను ఇవ్వకు. పక్కన పెట్టు. మనకు కావాలి," అంది.

తమ్ముడు లేత గులాబీరంగు గుడ్డ విప్పి చూపిస్తున్నాడు.

"వినపడదక్కా," అంది పిన్ని కూర్చున్న చోటునుంచే. "చెయ్యి నొక్కాలి."

నొక్కింది. తమ్ముడు చాలాసేపటికి తలెత్తి చూశాడు. అక్కను గడిలో చూసి, వెళ్ళిన పని అయిందన్నమాట అని సంతోషించినట్టున్నాడు.

"తాను ఇవ్వకురా. ఆ తాను. సరేనా?" ఆమె చేత్తో తానంత పొడుగు చూపించింది, వద్దని వేలు ఆడించింది.

తమ్ముడు చిన్నగా నవ్వి, రెండుసార్లు తల ఊపాడు. తర్వాత బండి మనిషి వైపు తిరిగి చెయ్యి చూపించాడు. బండి మనిషి ఆకుల తాను భుజానికెత్తుకుని తెరలోంచి బయటికి నడిచిపోయాడు.

అక్క కేక వేసింది. తమ్ముడు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆమె సొంత ఫోన్ తీసి అతనికి చేసింది. అతను మోగుతున్న ఫోన్ చూసుకుని, కట్ చేసి, టీవీ వైపు తిరిగి కాల్‌లోనే ఉన్నాం కదా అన్నట్టు రెండు చేతులూ విప్పాడు. మెషీన్ల వెనక ఎవరికో నవ్వు ఆగక దగ్గు వచ్చింది.

అక్క మళ్ళీ కేక వెయ్యలేదు. తమ్ముడి తల వైపే చూస్తూ నిలబడింది. కొట్టులో పెరిగినవాడు కనక ఆ ఊపు అతనికి ఆమెనుంచే వచ్చింది. ఆగాల్సిన చోట ఆగడం, చివర్న ఆ చిన్న నవ్వు, అంతా ఆమెదే. అద్దంలో కూడా ఇంత స్పష్టంగా చూసుకోలేదు ఎప్పుడూ.

వెనక్కి తిరిగింది. "మాస్టారూ, మెట్ల కిటికీ చేర్చారని చెప్పిన రోజు మీరిక్కడ చీటీ పట్టుకుని నిలబడ్డారు. ఏమడిగారు నన్ను?"

"అదా? మెట్ల కిటికీని తీసుకొచ్చి పట్టికలో మధ్యన దూర్చారు కదమ్మా. దాంతో కింద ఉన్నవన్నీ ఒక్కో అంకె జరిగాయి. నిన్న తొమ్మిది అన్నది పొద్దున్నకల్లా పది అయి కూర్చుంది. కిటికీల మీద స్టిక్కర్లు కూడా మార్చారా, ఇవాళ్టి అంకెలతోనే కొయ్యనా అని అడిగాను. కొయ్యమన్నావు."

"నేనన్నానా?"

"తల ఊపావు కదమ్మా. రెండుసార్లు."

ఒక అంకె జరిగింది. ఒక్కో కర్టెన్ వెళ్ళి పక్క కిటికీకి వేలాడింది. అక్కకు హాస్టల్ మెట్లూ గదులూ వరసగా కళ్ళముందు తిరిగాయి. ఈ నష్టం ఎవరి పద్దులో పడాలో ఇక వెతకనక్కరలేదు. ఒప్పుకోకుండా ఉండే దారి కూడా ఒకటి ఎదురుగానే ఉంది. ఆయన అడిగినట్టు గాని, తను ఊపినట్టు గాని ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఎవరికీ తెలీదు. కొత్త మాస్టర్ మధ్యాహ్నం వస్తాడు. ఆమె ఎంత వ్యాపారస్తురాలంటే, ఆ దారిని కూడా ఒకసారి తూకం వేసి చూసింది.

"నాకు వినపడలేదు మాస్టారూ," అంది. "మీ మాట అటు రావడం లేదు. మెషీన్ల మోత అని నేనే ఆపించాను. ఇన్నాళ్ళూ."

ఆయన ఆమె వైపు చూశాడు, అలమరలోని ఫోన్ వైపు చూశాడు. దగ్గరికి వెళ్ళి వంగి, తెర మూల మైకు బొమ్మ మీదున్న అడ్డగీత గుర్తును మొదటిసారి చూసినట్టు చూశాడు.

"మరి రోజూ..." అని ఆగిపోయాడు. మెడలో టేపు తీసి, వేళ్ళకు చుట్టుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పిన్ని గుమ్మం దాకా వచ్చింది. గొంతు తగ్గించి, "మాకు తెలుసక్కా, మాట పోదని. ఆయనకే చెప్పలేదు. రోజూ దువ్వుకుని వెళ్ళి నిలబడతాడు. ఎలా చెప్తాం?" అంది. తర్వాత, "మీరు వచ్చిన పని..." అంది.

"అయిపోయింది," అంది అక్క. తాళంచెవి అడగలేదు. కొత్త మాస్టర్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పి, ఆటో ఎక్కింది.

*

హాస్టల్ మెట్లు ఎక్కుతూ వార్డెనమ్మకు ఏం చెప్పాలో వరస కూర్చుకుంది. ఒక్కో కర్టెన్ విప్పి పక్క గదికి జరపాలి, మనుషులు కావాలి, నిచ్చెన కావాలి, సాయంత్రం దాకా గదులు తెరిచి ఉంచాలి. పైకి చేరి చూస్తే జరపాల్సిందేమీ లేదు. ప్రతి కిటికీకీ కర్టెన్ కొలిచి కుట్టినట్టే ఉంది.

"మా పిల్లలు నిన్న సాయంత్రమే మార్చుకున్నారు," అంది వార్డెనమ్మ. "వాళ్ళకో గ్రూపు ఉందిలెండి. నాది పొట్టి అని ఒకతి ఫోటో పెట్టింది, నాది పొడుగని ఇంకొకతి పెట్టింది, నీది నాకు సరిపోతుందేమో తెచ్చి చూడవే అని మూడోది. అన్నం వేళకి అయిపోయింది. వరండాలో ఆ నవ్వులూ ఆ పరుగులూ చూడాలి."

"నాకొక్క ఫోన్ చేసి ఉంటే బాగుండేది కదండీ."

"పొద్దున్న కొట్టుకి చేశాను. మీ తమ్ముడు ఎత్తి, మీటింగులో ఉన్నానన్నాడు."

ఒక్క కిటికీ మిగిలింది, మెట్ల మలుపులోది. ఆ సన్నని పొడుగు కర్టెన్ దానిదే. తమ్ముడు కోసిన రెండు జానల మేర కింద వెలుతురు పడుతోంది. మెట్ల మీద వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు బయటికి కనిపిస్తాయని ఎవరో అక్కడ ఒక పాత చున్నీ కట్టారు. అక్క ఆ కర్టెన్ విప్పి మడిచి సంచీలో పెట్టుకుంది. కోసిన ముక్క కోసం అడిగితే, చిమ్మే ఆమె దాంతో అప్పుడే నేల తుడిచేసిందని తెలిసింది. అదే గుడ్డ వేద్దామంటే ఆకుల తాను ఊరు దాటిపోయింది. చివరికి మాస్టారు కింద సాదా బూడిదరంగు పట్టీ ఒకటి వేసి కుట్టించాడు. అతుకు అతుకులాగే కనిపించింది. దాని సంగతి వార్డెనమ్మకు అక్కే చూపించి చెప్పింది. ఆవిడ అతుకు వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూసి, ఆదివారం యజమానుల్ని ఇటు కాక అవతలివైపు మెట్లెక్కిస్తానంది.

ఆ రోజు హాస్టల్ నుంచి కొట్టుకు వచ్చాక తమ్ముడికి అంతా చెప్పింది. అతను మొదట పట్టిక తెరిచాడు, తర్వాత మూసేశాడు. మధ్యలో దూర్చింది తనేనని అతనికి కూడా అర్థమైంది.

"సరే, ఆయన్ని మళ్ళీ గ్రూపులో చేరుస్తాను. ఆ గోల అక్కడితో ఆపెయ్యి. నువ్వు తల ఊపావని పనివాళ్ళందరి ముందూ చెప్పుకోవాలా?"

"వాళ్ళందరి ముందేగా తీసేశావు."

ఆమెకు టైపు చెయ్యడం ఓపిక లేని పని. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి పంపింది. మెట్ల పైన జరిగిన తప్పు మాస్టారిది కాదని, ఆయన కొయ్యబోయే ముందు అడిగారని, వినకుండా తల ఊపింది తనేనని చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. అందరూ విన్నారని గుర్తులు పడ్డాయి. పిన్ని ఏదో రాస్తోందని తెర చూపించింది. చాలాసేపు చూపించింది. ఈసారి "సరే అక్కా" అని వచ్చింది.

మర్నాడు పొద్దున్న టీవీ పెట్టగానే, షెడ్డు గడి మూల ఉన్న అడ్డగీతను అక్క తమ్ముడి చేత తీయించింది. మోత కొట్టులోకి విరుచుకుపడింది. సోఫా గుడ్డ చూస్తున్నాయన చెవులు మూసుకున్నాడు. ఒక్క నిమిషం ఓపిక పట్టండి అని ఆయనకు చెప్పి, అక్క కుర్చీ టీవీ వైపు తిప్పుకుంది.

గడిలో ఎవరూ లేరు. పిన్ని మెషీన్ మీదనుంచే ఎవరినో పిలుస్తున్నట్టు చెయ్యి ఊపింది. చాలాసేపటికి మాస్టారు వచ్చి నిలబడ్డాడు. తల దువ్వుకోలేదు ఇవాళ. ఏదో అన్నాడు. మోతలో కలిసిపోయింది. అలవాటు కొద్దీ అక్క తల కిందికి వంగబోయింది. చెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఆపుకుంది.

"వినపడలేదు మాస్టారూ. మళ్ళీ చెప్పండి."

ఆమె గొంతు అక్కడ వినిపించినట్టుంది. ఇంటర్‌లాక్ ఆగింది. దాని పక్కది ఆగింది. ఒక్కొక్కటే అన్నీ ఆగాయి. షెడ్డులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా కొట్టులోకి వచ్చింది.

మాస్టారు వేళ్ళ మధ్య అంత చిన్న సబ్బు పలుకు పట్టుకుని చూపించాడు.

"సుద్ద అయిపోయిందమ్మా," అన్నాడు. "ఎప్పటినుంచో అడుగుతున్నాను."